గాలి రాకముందే దడి కట్టాలి

(అరసవల్లిలో జరిగిన కూరగాయలు, తోటల రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ధరల గురించీ, బ్యాంకు రుణాల గురించీ మనం ఎన్నోసార్లు కూర్చుని మాట్లాడుకున్నాం, ఇకముందూ మాట్లాడుకుంటాం. ఈ రోజు విషయం చూడటానికి చిన్నది. నాటిన నెలలోపు గాలికి పోయే మొక్క గురించి మాట్లాడుకుందాం. వంగ, టమాటా, మిరప నారు కావచ్చు, గోతిలో పెట్టిన కొబ్బరి మొక్క కావచ్చు, జీడి అంటు కావచ్చు. చెట్టు పడితే ఊరంతా చూస్తుంది. నారు పోతే ఆ ఇంటివాళ్లకే తెలుస్తుంది. విత్తనం మళ్లీ కొనాలి, మళ్లీ పోయాలి, నెల రోజులు వెనకబడాలి. ఆ నెలలో సంతలో ధర ఉండేది కాస్తా పోతుంది. కొబ్బరి మొక్క పోతే సంవత్సరమే పోతుంది. అందుకే దీన్ని సమావేశంలో చర్చించాల్సిన విషయంగా పెట్టుకున్నాం.

మనం కూర్చున్నది సూర్యదేవుడి ఊళ్లో. ఏటా మార్చి రెండో వారంలోనూ, అక్టోబరు మొదటి రోజుల్లోనూ పొద్దుటి కిరణాలు స్వామి పాదాలను తాకుతాయని ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. రైతుగా ఆ రెండు తేదీలను ఇంకో రకంగానూ గుర్తుపెట్టుకోవచ్చు. మార్చి దాటాక ఎండలు ముదిరి, ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట మబ్బు పట్టి ఈదురుగాలులు, పిడుగులు వస్తాయి. రోహిణి కార్తెలో పొడి పడమటి గాలి కొడుతుంది. అక్టోబరు వస్తే తుఫాన్ల కాలం. అంటే ఆ కిరణాలు పడే రోజులు మనకు రెండు గాలి కాలాలకు ముందు వచ్చే హెచ్చరికలు. దడి కట్టడం ఆ రోజులకల్లా అయిపోవాలి.

అక్టోబరు గురించి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2013 అక్టోబరు 12 రాత్రి పైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర దాటి ఉద్దానం కొబ్బరినీ, జీడినీ నేలకూల్చింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి ఉత్తరాన దాటింది. 2019 మే 3న పూరీ దగ్గర దాటిన ఫని కూడా మన తీరాన్ని ఒరుసుకుంటూనే వెళ్లింది. ఇప్పుడు మన పంటల లెక్క చూడండి. తొలకరికి పెట్టిన కొబ్బరి, జీడి మొక్కలకు అక్టోబరు నాటికి మూడు నాలుగు నెలల వయసు. వేరు ఇంకా గోతిలోంచి బయటకు పోలేదు. శీతాకాలం కూరగాయల నారు సరిగ్గా అప్పుడే మడిలో ఉంటుంది, లేదా చేలోకి అప్పుడే వచ్చి ఉంటుంది. మొక్క బాగా బలహీనంగా ఉన్న వారాలూ, గాలి బాగా బలంగా ఉన్న వారాలూ మన దగ్గర ఒక్కటవుతున్నాయి.

గాలి మొక్కను ఎలా చంపుతుంది

గాలికి మొక్క విరిగిపోవడం మనకు కనబడుతుంది. కానీ విరక్కుండానే పోయే మొక్కలు ఎక్కువ. గాలికి మొక్క అటూ ఇటూ ఊగితే మొదలు దగ్గర మట్టిలో గరాటులాగా గుంట పడుతుంది. లోపల కొత్తగా పుట్టిన సన్నని వేర్లు తెగుతాయి. ఆ గుంటలో నీళ్లు నిలిస్తే మొదలు కుళ్లుతుంది, ఎండ తగిలితే వేరు ఎండుతుంది. రెండు రోజుల తర్వాత మొక్క వాడితే మనం తెగులు అనుకుని మందు కొంటాం. తెగులు కాదది, ఊగుడు దెబ్బ.

పడమటి గాలి చంపే తీరు వేరు. వేరు తాగే నీటికన్నా ఆకు నుంచి ఆవిరయ్యే నీరు ఎక్కువవుతుంది. మడిలో తడి ఉన్నా నారు తల వాలుస్తుంది. ఇక గార, శ్రీకూర్మం వైపు ఇసుక నేలల్లో గాలి ఇసుకను ఎగరేసి లేత ఆకును గీరేస్తుంది. సముద్రపు ఉప్పు ఆకు మీద పేరుకుని అంచులు మాడిపోతాయి.

ఇంకో సంగతి. గాలి వేగం రెండింతలైతే మొక్క మీద పడే ఒత్తిడి నాలుగింతలవుతుంది. వేగం సగానికి తగ్గిస్తే ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి గాలిని పూర్తిగా ఆపక్కర్లేదు, సగం తగ్గిస్తే చాలు. దడి చేసే పని అదే.

గోడ వద్దు, దడి కావాలి

చాలామంది రేకులూ, టార్పాలిన్లూ నిలబెట్టి గాలి ఆగిందనుకుంటారు. గాలి ఆగదు. గోడను ఎక్కి అవతల సుడి తిరుగుతూ దిగుతుంది. గోడ వెనక కొద్ది దూరంలో ఉన్న నారు ఆ సుడికి నలిగిపోతుంది. పెద్ద గాలికి రేకే ఎగిరి మడి మీద పడుతుంది. సగం మూసి, సగం తెరిచి ఉన్న అడ్డు మంచిది. కొబ్బరాకు దడి, తాటాకు దడి, వెదురు తడిక, నార తీసిన గోగు పుల్లల దడి, షేడ్ నెట్, ఇవన్నీ పనికొస్తాయి. మత్స్యకారుల ఊళ్లలో పాత వలలు దొరుకుతాయి. ఒక్క పొర వల గాలిని పెద్దగా తగ్గించదు. రెండు మూడు పొరలు వేసి మధ్యలో కొబ్బరాకులు గుచ్చితే సరిపోతుంది.

దడి ఎత్తుకు పది రెట్ల దూరం దాకా గాలి తగ్గుతుంది. అయిదు రెట్ల లోపు బాగా తగ్గుతుంది. అయిదడుగుల దడి కడితే పాతిక ముప్పై అడుగుల దాకా మంచి రక్షణ, యాభై అడుగుల దాకా కొంత రక్షణ. చేను అంతకన్నా వెడల్పైతే గట్టున కట్టిన ఒక్క దడి చాలదు, మధ్యలో ఇంకో వరుస కావాలి. నారుమడికైతే మూడడుగుల దడి సరిపోతుంది.

దడి చివరల్లో జాగ్రత్త. గాలి దడి కొసల చుట్టూ తిరిగి మరింత వేగంగా దూరుతుంది. మధ్యలో దారి వదిలితే ఆ సందులోంచి ఇంకా గట్టిగా కొడుతుంది. అందుకని దడిని మడి కన్నా రెండు పక్కలా కొంత పొడవు ఎక్కువ కట్టాలి. దారి కావాలంటే ఆ సందుకు ఎదురుగా చిన్న అడ్డు పెట్టాలి.

ఏ దిక్కున కట్టాలి? ఇది మన ప్రాంతంలో అసలు ప్రశ్న. పడమటి గాలికి పడమర దడి చాలు. తుఫానుకు అలా కుదరదు. మన సముద్రంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిరుగుతుంది. హుద్‌హుద్ మనకు నైరుతి వైపున, విశాఖ దగ్గర దాటింది. అలాంటప్పుడు శ్రీకాకుళానికి గాలి ముందు తూర్పు నుంచి, తర్వాత ఆగ్నేయం నుంచి, చివరికి దక్షిణం నుంచి వస్తుంది. తిత్లీ మనకు ఈశాన్యంలో, పలాస దగ్గర దాటింది. అప్పుడు ఇక్కడికి గాలి ముందు ఉత్తరం నుంచి, తర్వాత వాయువ్యం నుంచి, ఆ తర్వాత పడమర నుంచి వస్తుంది. ఒకే నెలలో వచ్చే రెండు తుఫాన్లకు గాలి దిక్కులు దాదాపు ఎదురెదురు. కాబట్టి నారుమడికి నాలుగు వైపులా దడి ఉండాలి. చేలో పెట్టిన కొబ్బరి, జీడి మొక్కకు చుట్టూ గంపలాగా నాలుగు మట్టలు పాతి కట్టాలి. తుఫాను ఎక్కడ దాటుతుందో రేడియోలో చెప్పగానే, మనకు ఉత్తరానా దక్షిణానా అని చూసుకుంటే ఊతకర్ర ఏ వైపు గట్టి చేయాలో తెలిసిపోతుంది.

పచ్చటి దడి, ఊరి దడి

కట్టిన దడి ఒకటి రెండేళ్లే ఉంటుంది. పెంచిన దడి ఎక్కువ కాలం ఉంటుంది. గోగు మన రెండు జిల్లాల సొంత పంట. తొలకరికి గట్టు వెంబడి మూడు నాలుగు సాళ్లు ఒత్తుగా చల్లితే అక్టోబరుకు మనిషిని మించి ఎదిగి ఉంటుంది. ఆకు కూరకు, నార తాళ్లకు, పుల్ల మళ్లీ దడికి. కంది, జొన్న, సజ్జ కూడా ఇలాగే పనికొస్తాయి. గోగును తుఫాన్లు పోయేదాకా కోయకూడదు, అదొక్కటే షరతు.

శాశ్వతంగా కావాలంటే సరుగుడు, అవిశ, మునగ. అయితే చెట్టు వరుస ఒక్కటే ఉంటే కింద ఖాళీగా ఉంటుంది. సరుగుడు కొమ్మలు కింది నుంచి నరికేస్తూ పోయినా, తాటిచెట్ల వరుస ఉన్నా గాలి కింది సందులోంచి దూరి, సరిగ్గా లేత మొక్క ఎత్తులోనే కొడుతుంది. కాబట్టి చెట్ల కింద పొద ఉండాలి. గోరింట, వావిలి, ఇసుక నేలలో మొగలి వేసుకోవచ్చు. ఉద్దానంలో మొగలి పొదల విలువ పెద్దవాళ్లను అడిగితే చెబుతారు.

ఎండ లెక్క కూడా చూసుకోవాలి. శీతాకాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి నడుస్తాడు. చేనుకు దక్షిణాన ఎత్తు చెట్లు ఉంటే నీడంతా పంట మీదే. ఎత్తైనవి ఉత్తరం, పడమర గట్ల మీద పెట్టి, దక్షిణాన గోగు, కంది లాంటి పొట్టివాటితో సరిపెట్టుకోవాలి. సరుగుడు వేర్లు పక్క పంట తిండి లాగేస్తాయి కనుక చెట్లకూ పంటకూ మధ్య చిన్న కందకం తీయాలి.

ఇక్కడ మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట ఒకటుంది. నా గట్టు మీద చెట్టు పెడితే నీడ పక్కవాడి చేలో పడుతుంది, రక్షణ కూడా పక్కవాడికే పోతుంది. అందుకే ఎవరూ పెట్టరు. ఒకరు పెట్టి పక్కవారు పెట్టకపోతే ఆ సందులోంచి గాలి మరింత గట్టిగా వస్తుంది. పట్టణం పెరిగి, లేఅవుట్లు వచ్చి, గట్ల మీది చెట్లు పోతున్న అరసవల్లి చుట్టుపక్కల ఇది ఇంకా పెద్ద సమస్య. నలుగురైదుగురు పక్కపక్క రైతులు కూర్చుని, ఏ గట్టు మీద ఏ వరుసో, నీడ పడేవాడికి పుల్ల, ఆకు, కలపలో ఎంత వాటాయో ముందే ఒప్పుకుంటే తర్వాత తగువుండదు. సంఘం ఈ ఒప్పందం దగ్గర కూర్చోవడానికి సిద్ధంగా ఉంది.

మొక్కను గట్టిపరచడం

దడి సగం పని. మిగతా సగం మొక్కలోనే ఉంది. నీడలో, ఒత్తుగా, యూరియా ఎక్కువ తిని పెరిగిన నారు సన్నగా, పొడుగ్గా, చూడ్డానికి బాగుంటుంది. మొదటి గాలికి వాలిపోయేది అదే. నారు వరసల్లో పలచగా పోయాలి. నాటడానికి వారం ముందు నుంచి నీరు తగ్గించి, నీడ కొంచెం కొంచెంగా తీసేసి, కాస్త గాలి తగలనివ్వాలి. కొద్దిపాటి గాలికి ఊగిన కాండం లావెక్కుతుంది. టమాటాను 25 నుంచి 30 రోజులకు, వంగను 30 నుంచి 35 రోజులకు, మిరపను ఐదారు వారాలకు నాటుకోవాలి, ముదరనివ్వకూడదు. టమాటాను కాస్త లోతుగా నాటితే కాండం నుంచి కూడా వేళ్లు పుడతాయి. వంగకూ మిరపకూ మడిలో ఎంత లోతుందో అంతే. సాయంత్రం పూట నాటి, వెంటనే తడి పెట్టి, మొదలు దగ్గర మట్టి చేత్తో అదమాలి. అక్టోబరు వానల్లో బోదెలు గాలికి అడ్డంగా వచ్చేలా తోలి, గాలి తగలని పక్క బోదె వాలులో నాటితే నీరు నిలవదు, బోదె చిన్న దడి పని కూడా చేస్తుంది. వేసవిలో అయితే సాలు అడుగునే నాటుకోవాలి.

కొబ్బరికి మూడడుగుల గొయ్యి అన్ని వైపులా తీయాలని అందరికీ తెలుసు. కూలి ఖర్చుకు భయపడి అడుగున్నర తీసి వదిలేస్తున్నాం. లోతులో పెట్టి, మొక్క ఎదిగేకొద్దీ మట్టి నింపుకుంటూ పోతే మొదలు నేలలో దిగుతుంది. మొదటి రెండేళ్లు గొయ్యే మొక్కకు దడి. వాన నీరు నిలవకుండా గోతి చుట్టూ గట్టు పోయాలి. జీడి అంటుకు అంటు కట్టిన చోటు బలహీనం. అది మట్టికి పైనే ఉండాలి, కాని ఊతకర్ర లేకుండా ఉండకూడదు.

ఊతకర్రను మొక్క పెట్టేటప్పుడే పాతాలి, తర్వాత పాతితే వేరు తెగుతుంది. గాలి వచ్చే వైపు పాతాలి. మొక్క ఎత్తులో మూడో వంతు దగ్గర, గోగునారతోనో పాత గుడ్డతోనో, ఎనిమిది అంకెలాగా వదులుగా కట్టాలి. పైదాకా బిగించి కడితే మొక్క ఊగడం నేర్చుకోదు, కర్ర తీసిన రోజే పడిపోతుంది. తీగతో, ప్లాస్టిక్ తాడుతో కడితే కాండం కోసుకుపోతుంది.

హెచ్చరిక వచ్చిన మూడు రోజులు

వాతావరణ శాఖ తుఫాను గురించి ముందస్తు సమాచారం 72 గంటల ముందు, అలర్ట్ 48 గంటల ముందు, హెచ్చరిక 24 గంటల ముందు ఇస్తుంది. మన పనిని కూడా అలాగే మూడు రోజులుగా పంచుకోవచ్చు.

మొదటి రోజు: నాట్లు ఆపాలి. కాలువలు, మురుగు సందులు తీయాలి. ఎరువు వేయకూడదు.

రెండో రోజు: ఊతకర్రలు, దడి గుంజలు గట్టి చేయాలి. మొక్కల మొదట్లో మట్టి ఎగదోయాలి. అరటికి గెల ఉన్నా లేకున్నా మట్టి ఎగదోసి, ముదురాకులు కొన్ని కోయాలి.

మూడో రోజు: ట్రేలలో పెంచిన నారు ఇంట్లోకో పశువుల పాకలోకో చేర్చాలి. షేడ్ నెట్ పైకప్పు విప్పేయాలి, అది తెరచాపలా గాలి పట్టి గుంజలతో సహా మడి మీద పడుతుంది. గాలి మొదలయ్యాక చేలోకి వెళ్లకూడదు. మొక్క కోసం మనిషి పోకూడదు. కన్ను దాటేటప్పుడు గాలి ఆగినట్టు ఉండి, అవతలి దిక్కు నుంచి మళ్లీ కొడుతుందని మరవకండి.

తుఫాను పోయాక చేసే పనికి గడువు రెండు మూడు రోజులే. గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో వచ్చిన తిత్లీలాంటి గాలికి పెద్ద చెట్లు పడతాయి. కాని నేలను ఆనుకుని గాలి కొంత తక్కువ కాబట్టి చిన్న మొక్కలు చాలావరకు వాలి ఉంటాయే తప్ప చచ్చి ఉండవు. నేల తడిగా ఉండగానే నిలబెట్టి, మట్టి తొక్కి, కర్ర కట్టాలి. ఆరాక లేపితే వేరు తెగుతుంది. నీరు తీయాలి. సముద్రం దగ్గరైతే ఆకుల మీది ఉప్పును మంచినీటితో కడగాలి. మొదలు కుళ్లకుండా లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదట్లో పోయాలి. మొక్క తేరుకున్నాకే ఎరువు.

ఊరికో రెండో నారుమడి

ఎంత చేసినా కొంత నారు పోతుంది. ఒక్కో రైతు రెండోసారి పోసుకోవడం ఖర్చు. అందుకే ప్రతి గ్రామ సంఘం సెప్టెంబరు చివర, మొదటి నారుకు పదిరోజుల తర్వాత, ఎత్తైన గరువు భూమిలో, నాలుగు వైపులా దడి కట్టి ఒక ఉమ్మడి నారుమడి పోయాలని ప్రతిపాదిస్తున్నాం. విత్తనం ఖర్చు అందరిదీ. తుఫాను రాకపోతే ఆ నారు చేలలో ఖాళీలు నింపడానికి పనికొస్తుంది. వస్తే నెల రోజులు కలిసొస్తాయి.

ప్రభుత్వాన్ని మనం అడగాల్సినవి కూడా ఉన్నాయి. విపత్తు సహాయ నిబంధనల్లో పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటేనే పెట్టుబడి రాయితీ. 2015కు ముందు అది 50 శాతం ఉండేది, రైతుల పోరాటాల తర్వాత తగ్గింది. కానీ లెక్క ఎకరాల్లో, చెట్లలో ఉంటుంది. పడిన చెట్టును లెక్కపెట్టడం తేలిక. నారుమడిలో పోయిన నారు పది ఎకరాలకు సరిపడే నారైనా, నేల మీద చూస్తే కొన్ని సెంట్లే. నారుకూ, మూడేళ్లలోపు తోట మొక్కకూ నష్టం గుర్తింపులో విడిగా గడి ఉండాలని డిమాండ్ చేద్దాం. అప్పటిదాకా మనం చేయాల్సింది, నారు పోసిన రోజూ, మొక్క పెట్టిన రోజూ తేదీ కనబడేలా ఫోటో తీసి ఉంచుకోవడం, విత్తనం బిల్లు దాచుకోవడం, ఈ-పంటలో నమోదు చేయించడం.

కౌలు రైతుల సంగతి మరీ కష్టం. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు 11 నెలలకు, అదీ భూ యజమాని సంతకం పెడితేనే. పదకొండు నెలల కౌలుదారు గట్టు మీద సరుగుడు ఎందుకు పెడతాడు? పెడితే యజమాని ఒప్పుకుంటాడా? మన ప్రాంతంలో కూరగాయలు పండించేవాళ్లలో కౌలుదారులు చాలామంది. వాళ్లకు గోగు, కంది దడే దారి. యజమాని సంతకం లేకుండా సాగుదారుకు గుర్తింపు రావాలన్నది మన పాత డిమాండే. దడి దగ్గర కూడా అదే అడ్డొస్తోందని గట్టిగా చెబుదాం. తీరం వెంట అటవీ శాఖ పెంచిన సరుగుడు వరుసల్లో తుఫాన్లకు పోయినచోట మళ్లీ పెట్టాలనీ, కింద మొగలి పొదలు కాపాడాలనీ అడుగుదాం. మొక్క పంచినప్పుడే ఊతకర్ర, దడి ఖర్చు కూడా ఇవ్వాలి. మొక్క ఒక్కటే ఇచ్చి పోతే అది మొక్క ఇచ్చినట్టు కాదు.

చివరగా, ఈ సమావేశం ముగిసేలోగా ప్రతి గ్రామం నుంచి వచ్చినవాళ్లు మూడు పేర్లు రాసివ్వండి. ఉమ్మడి నారుమడికి భూమి ఇచ్చేవారి పేరు, గట్ల ఒప్పందం దగ్గర కూర్చునేవారి పేరు, తుఫాను కబురు వచ్చినప్పుడు ఫోను లేని ఇళ్లకు వెళ్లి చెప్పేవారి పేరు. కొబ్బరాకులు, గుంజలు ఈ వారంలోనే పోగు చేసుకోండి. అక్టోబరుకు ఇంక ఎన్నో రోజులు లేవు.